రుమైథియాలో ఆఖరి రీడింగు

పదకొండేండ్లు గోడల ముందర గొంతు కూసున్న.
అద్దం మీది దుమ్ము బొటనవేలితో తుడిచి
ఎర్ర చుక్క చక్రం ఎంత జల్ది తిరుగుతుందో చూసి
పుస్తకంల అంకెలు రాసుకున్న.
అరబ్బీ అంకెలు.
మన సున్న వాళ్లకు అయిదు,
వాళ్ల సున్న వట్టి చుక్క.
మొదటి నెల ఈ ఒక్క తప్పుకే
రెండు దినార్లు కోసిండ్రు.

ఇప్పుడు నా చేతిల స్క్రూడ్రైవర్ పెట్టిండ్రు.
పాతవి ఊడదీసుడు, కొత్తవి బిగించుడు,
రోజుకు ఇరవై నాలుగు.
కొత్తదానికి చక్రం లేదు, సప్పుడు లేదు.
పచ్చ దీపం ఒకటి కన్ను గీటుతది,
అంతే, లెక్క ఆఫీసుకు చేరినట్టే.
దానికి ఎండ కొట్టదు. అకామా అక్కెర లేదు.
చెల్లె పెండ్లికి సెలవియ్యమని అడగదు.

హాతెం సారు భుజం తట్టిండు:
"పోశెట్టీ, నీ చెయ్యి మంచిగుంది,
ఇట్లనే చేస్తే అక్టోబర్‌కల్లా అయిపోతది."
ఏం అయిపోతదో ఆయన చెప్పలే,
నేను అడగలే.

రాత్రి జలీబ్ రూంల
షాజీ మంచం కింది మంచంల పండుకొని
గంగామణికి ఫోన్ చేసిన.
కత్తెర సప్పుడు లేదు.
ఎన్నడూ మా మాటల నడుమ
తునికాకు కత్తిరించే సప్పుడు ఉంటుండె,
ఆమె ఊఁ అనకున్నా అది అంటుండె.
"నెలకు ఎనిమిది దినాలే పనిస్తున్నరు కార్ఖానోళ్లు,
బీడీల చాట అటక మీద పెట్టిన," అన్నది.
నా సంగతి నేను చెప్పలే.
కాసేపు ఇద్దరం
ఎవరి కరెంటు వాళ్లం కాల్చుకున్నం.

పుస్తకంలకెక్కని రీడింగులు కొన్ని ఉన్నయి నా దగ్గర.
అయిదో బ్లాకు మూల మీది ఇంట్ల
జులైల చక్రం నెమ్మదిచ్చింది.
పెద్దాయన ఆక్సిజన్ మిషన్ ఆగిందని
ఆ గల్లీల బయటోళ్లల్ల నాకే ముందు తెలిసింది.
పక్కింట్ల నాలుగు ఫ్రిజ్జులు.
వంటమనిషి పండేది వాషింగ్ మిషన్ పక్కన.
మిద్దె మీద డ్రైవరు గదిల ఏసీ కరాబై రెండెండకాలాలు.
యూనిట్లల్ల అవన్నీ కలిసిపోతయి,
పప్పుల ఉప్పు లెక్క.

పదిహేడో నంబరు ఇంట్ల ఓబులమ్మ.
రాయచోటి అవతల ఏదో ఊరు.
నెలకోసారి గేటు సందులకెళ్లి ఒక సీసా చల్లటి నీళ్లు.
మా మాటలన్నీ ఒక రీడింగు పట్టేంత సేపే.
ఒకనాడు జీతం కాగితం చదివించుకున్నది.
ఒకనాడు బిడ్డ కాలేజి ఫీజని
నలభై దినార్లు మడిచి నా పుస్తకం అట్టల దోపింది,
రసీదు అడగలే.

ఇయ్యాల ఆ ఇంటి మీటరు ఊడదీసిన.
గోడ మీద తెల్లటి నలుచదరం మిగిలింది,
ఇన్నేండ్ల ఇసుకగాలి తాకని జాగ.
"ఇంక రావాన్నా నువ్వు?"
"రాను. అన్నీ ఇదే చెప్తది."
"ఏం చెప్తాది?"
"ఎంత వాడిండ్రో, ఏ గంటకు వాడిండ్రో."
పచ్చ దీపం దిక్కు చూసిందామె.
"నేనెంత వాడిపోయినానో గూడా చెప్తాదేమో, అడుగన్నా."
నవ్వినట్టే ఉంది.
గేటు సందుల సగం మొహమే కనబడ్డది.
సీసా మాత్రం ఇచ్చింది.

పాత మీటర్లన్ని సంచిల కట్టి
అమ్ఘరా తుక్కు బజారుకు పోయే బండెక్కిన.
మలుపు తిరిగినప్పుడల్లా
సంచిల ఏదో ఒక చక్రం కదిలిన సప్పుడు,
ఎవరి కరెంటూ లేకుండనే.
అలవాటు కొద్దీ పుస్తకం తీసి తేదీ ఏసిన.
పక్కన సున్న చుట్టిన,
మన సున్న.

హాతెం సారు చూస్తే
అయిదనుకుంటడు.